హీలియంలోని జంట ఎలక్ట్రాన్లకు విడివిడి చిరునామాలు లేవు

ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం రసాయన శాస్త్రంలో ‘పరమాణు నిర్మాణం’ చదివిన వారెవరికైనా ఆ గళ్ల బొమ్మ గుర్తుండే ఉంటుంది: 1ఎస్‌కు ఒక గడి, 2ఎస్‌కు ఒక గడి, 2పికి మూడు గళ్లు, వాటిలో పైకీ కిందికీ చూసే బాణాలు. ఒక్కొక్క ఎలక్ట్రానుకు నాలుగు క్వాంటం సంఖ్యలు కేటాయించి, ఏ రెండింటికీ నాలుగూ ఒకటి కాకూడదని పౌలీ నియమం చెప్పి, గళ్లు నింపుకుంటూ పోతాము. ఆవర్తన పట్టికకు ఆ ఆకారం ఎందుకు వచ్చిందో వివరించడానికి ఇంతకంటే తేలికైన, సమర్థమైన సాధనం లేదని ఒప్పుకుంటాను. నా అభ్యంతరమంతా ఆ బొమ్మను ఉజ్జాయింపుగా కాక ప్రకృతి వాస్తవంగా బోధించడం మీద. పరమాణువులోని రెండు ఎలక్ట్రాన్లు ఒకేసారి ఉత్తేజితమైనప్పుడు (శక్తి పొంది పై స్థాయికి చేరినప్పుడు) ఏ ఎలక్ట్రాన్ ఏ గడిలో ఉందన్న ప్రశ్నకే అర్థం పోతుంది; ఆ స్థితిని జంట మొత్తానికి చెందినదిగా చూడాలే తప్ప రెండు స్థితుల కూడికగా చూడటానికి వీలుండదు. డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థికి కూడా ఈ సంగతి తెలియకుండా పోవడం మన బోధనలో పెద్ద లోపమని నా వాదం.

దీనికి హీలియంను మించిన ఉదాహరణ దొరకదు. ఒక కేంద్రకం, రెండే ఎలక్ట్రాన్లు. మూడోది వచ్చి లెక్క చెడగొట్టే అవకాశం లేదు. (1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించాడు గనుక హీలియం గుంటూరులోనే బయటపడిందని చెప్పుకోవడం మనవాళ్లకు ఇష్టం. సూర్యుడి వర్ణపటంలోని ఆ పసుపు గీత సోడియంది కాదని తేల్చినవాడు మాత్రం అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో దాని స్థానాన్ని కొలిచిన నార్మన్ లాక్యర్.) హీలియం నుంచి ఒక ఎలక్ట్రానును పూర్తిగా లాగివేయడానికి 24.6 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణు స్థాయి శక్తికి కొలమానం), రెండింటినీ లాగివేయడానికి 79.0 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఒక్క ఎలక్ట్రానే ఉత్తేజితమైన స్థాయిలన్నీ 24.6కు దిగువన ఉంటాయి. రెండూ ఉత్తేజితమైన స్థాయిలు 57.8 దగ్గర గాని మొదలు కావు. అంటే, ఒక ఎలక్ట్రాన్ ఎప్పుడో తప్పించుకుని పోయి ఉండవలసినంత శక్తి ఆ పరమాణువులో ఉంది. అయినా కాసేపు రెండూ కేంద్రకం చుట్టూనే నిలుస్తాయి.

ముందు ఒక లెక్క చూద్దాం. ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణను పూర్తిగా మరిచిపోతే, భూస్థాయిలో (అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో) ఒక్కొక్క ఎలక్ట్రాన్ బంధన శక్తి 54.4, రెండింటికీ కలిపి 108.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. కొలిస్తే వచ్చేది 79.0. మిగిలిన 29.8 వికర్షణ ఖాతాలోకి వెళుతుంది. ఇప్పుడు రెండు ఎలక్ట్రాన్లనూ ప్రధాన క్వాంటం సంఖ్య 2 ఉన్న కర్పరంలోకి ఎత్తితే, వికర్షణ లేకుండా ఒక్కొక్కదానికి 13.6 చొప్పున 27.2 రావాలి. పుస్తకాల్లో 2ఎస్2పి అని రాసే సింగ్లెట్ (రెండు స్పిన్‌లూ వ్యతిరేక దిశల్లో ఉన్న) స్థాయి నిజానికి 60.15 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంది కనుక దాని బంధన శక్తి 18.85 మాత్రమే, వికర్షణ వాటా సుమారు 8.3. నిష్పత్తిగా చూస్తే మొదటి చోట 27 శాతం, రెండో చోట 31 శాతం. పెద్ద తేడా ఏమీ లేదు. అందుచేత ‘ఉత్తేజిత స్థితుల్లో వికర్షణ బలపడింది, అందుకే గళ్ల బొమ్మ చెడింది’ అని తరచుగా వినబడే వివరణను నేను అంగీకరించను. సగటు వికర్షణ ఎంత ఉన్నా, కేంద్రక ఆవేశాన్ని కొంత తగ్గించి చూపి, దాన్ని గళ్ల బొమ్మలోనే ఇముడ్చుకోవచ్చు.

అసలు కారణం పక్క స్థాయి ఎంత దూరంలో ఉందన్నది. ఒకే ఎలక్ట్రాన్ ఉన్న హీలియం అయానులో మొదటి కర్పరం నుంచి రెండోదానికి 40.8 ఎలక్ట్రాన్ వోల్టుల ఎడం ఉంది. భూస్థాయిలోని ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావం వాటిని పై కర్పరాలతో కలపాలని చూసినా ఆ ఎడం దాటవలసి రావడం వల్ల కలయిక స్వల్పంగానే ఉంటుంది. గళ్ల బొమ్మ ఇంచుమించు నిలబడుతుంది. రెండో కర్పరంలో పరిస్థితి వేరు. అయానులో 2ఎస్, 2పి ఆర్బిటాళ్లు రెండూ దాదాపు సమశక్తివి. దాటవలసిన ఎడమే లేని చోట ఎంత చిన్న ప్రభావమైనా స్థితులను పూర్తిగా కలిపివేస్తుంది. ఇక్కడ ఉన్నదేమో చిన్న ప్రభావం కాదు, ఎనిమిది ఎలక్ట్రాన్ వోల్టులు. ఇంకా పైకి పోయేకొద్దీ వికర్షణ క్వాంటం సంఖ్య వర్గానికి విలోమంగా తగ్గుతుంటే, పక్కపక్క కర్పరాల మధ్య ఎడం దాని ఘనానికి విలోమంగా తగ్గుతుంది. రెండు ఎలక్ట్రాన్లూ తొమ్మిదో కర్పరంలో ఉన్నాయనుకుంటే, ఇదే కొలమానంతో వికర్షణ 0.4 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. తొమ్మిదికీ పదికీ మధ్య ఎడం మాత్రం 0.13. పక్కింటికి ఉన్న దూరం కంటే మూడు రెట్లు పెద్దదైన ప్రభావాన్ని ‘సవరణ’ అని పిలవడం భాషకే అన్యాయం.

ఇదంతా కాగితం మీది తర్కంగా మిగిలిపోలేదు. 60 ఎలక్ట్రాన్ వోల్టుల ప్రాంతంలో హీలియం ఏదో శక్తిని మింగుతున్నదని 1934లోనే విడింగ్టన్, ప్రీస్ట్‌లీ ఎలక్ట్రాన్ పుంజాలను వాయువు గుండా పంపి గమనించారు. అయితే ఆ స్థాయిలను కాంతితో, గీతలు గీతలుగా విడదీసి చూడాలంటే 200 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎడతెగని వర్ణపటం ఇచ్చే కాంతి కావాలి. అటువంటి దీపం అప్పటికి లేదు. అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో 18 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల సింక్రోట్రాన్ ఒకటి ఉండేది. అందులో వలయంగా తిరిగే ఎలక్ట్రాన్లు వెదజల్లే కాంతి ఈ పనికి సరిగ్గా సరిపోయింది. ఆ కాంతినే వాడుకుని రాబర్ట్ మ్యాడెన్, కీత్ కోడ్లింగ్ 1963లో హీలియం శోషణ వర్ణపటాన్ని ప్రచురించారు. మొదటి గీత 206 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర, అంటే 60.15 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పడింది.

ఆ వర్ణపటంలో ఉన్న గీతలకంటే లేని గీతలే నన్ను ఎక్కువగా ఆకర్షిస్తాయి. గళ్ల బొమ్మ ప్రకారం భూస్థాయి నుంచి ఒక ఫోటానుతో చేరగల జంట ఉత్తేజాలు మూడు వరుసలుగా ఉండాలి: ఒక ఎలక్ట్రాన్ 2ఎస్‌లో ఉండి రెండోది పి ఆర్బిటాళ్లలో పైకి పోయేది ఒకటి, మొదటిది 2పిలో ఉండి రెండోది ఎస్ ఆర్బిటాళ్లలో పోయేది ఒకటి, 2పితో డి ఆర్బిటాళ్లు కూడేది ఇంకొకటి. మొదటి రెండూ ఇంచుమించు సమాన బలంతో కనబడాలి. కనిపించింది మాత్రం ఒకే ఒక్క బలమైన వరుస. దాని పక్కన రెండోది ఉండీ లేనట్టుగా ఉంది. మూడోది 1990ల దాకా ఎవరి కంటా పడలేదు. కూపర్, ఫానో, ప్రాట్స్ అదే 1963లో దీనికి వివరణ ఇచ్చారు. 2ఎస్-ఎన్‌పి, 2పి-ఎన్‌ఎస్ (ఎన్ అంటే పైకి పోయే ఎలక్ట్రాన్ ఉన్న కర్పరం సంఖ్య) అనేవి విడివిడిగా నిలిచే స్థితులు కావనీ, వాటి మొత్తం ఒక వరుసగా, వాటి తేడా మరొక వరుసగా ఏర్పడతాయనీ వారు చూపించారు. మొత్తం వరుసలో రెండు ఎలక్ట్రాన్లూ ఒకే లయలో కేంద్రకం వైపు వచ్చి ఒకే లయలో దూరం జరుగుతాయి. తేడా వరుసలో ఒకటి లోపలికి వస్తుంటే మరొకటి బయటికి పోతుంది. భూస్థాయిలో రెండు ఎలక్ట్రాన్లూ కేంద్రకం దగ్గరే ఉంటాయి కనుక, రెండూ కలిసి కేంద్రకాన్ని చేరే మొదటి రకం స్థితులనే కాంతి బలంగా ఉత్తేజపరుస్తుంది.

దీనికి సందేహానికి తావివ్వని నిదర్శనం జీవితకాలాల్లో ఉంది. ఎన్ విలువ 3 అయినప్పుడు తేడా వరుసలోని స్థాయి 62.76 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, మొత్తం వరుసలోని స్థాయి 63.66 దగ్గర ఉంటాయి. రెండింటిలోనూ ఉన్న సరుకు ఒకటే: 2ఎస్3పి కొంత, 2పి3ఎస్ కొంత. కలిపిన గుర్తు మాత్రమే వేరు. మొదటి గీత వెడల్పు మిల్లీఎలక్ట్రాన్ వోల్టులో పదో వంతు, రెండోది ఎనిమిది మిల్లీఎలక్ట్రాన్ వోల్టుల పైమాట. వెడల్పు ఎంత ఎక్కువైతే స్థితి అంత త్వరగా విచ్ఛిన్నమవుతుంది కనుక ఒకటి మరొకదానికంటే సుమారు ఎనభై రెట్లు ఎక్కువ కాలం బతుకుతోందన్నమాట. ఏ ఎలక్ట్రాన్ ఏ గడిలో ఉందో ఎంత వివరంగా చెప్పినా ఈ ఎనభై రెట్ల తేడా బయటపడదు. రెండింటి కదలికల మధ్య ఉన్న లయను చెబితేనే బయటపడుతుంది.

విచ్ఛిన్నం కావడమైనా జంటగా చేసే పనే. 60.15 దగ్గరి స్థితిలో ఒక ఎలక్ట్రాన్ 1ఎస్‌లోకి జారుతుంది; అలా విడుదలైన శక్తిని కాంతిగా వదలకుండా నేరుగా తోటిదానికి అందిస్తుంది; అది 35.6 ఎలక్ట్రాన్ వోల్టుల గతిజ శక్తితో పరమాణువు విడిచి పోతుంది. దీనినే స్వయం అయనీకరణం అంటారు. ఆ గీత వెడల్పు 37 మిల్లీఎలక్ట్రాన్ వోల్టులు. దానికి సరిపోయే జీవితకాలం సుమారు 17 ఫెమ్టోసెకన్లు (సెకనులో లక్ష కోట్ల వంతులో వెయ్యో వంతు ఒక ఫెమ్టోసెకను). ఇదే స్థితి కాంతిని వదిలి కిందికి దిగడానికి పట్టే కాలం దీనికంటే కొన్ని వేల రెట్లు ఎక్కువ. ఎలక్ట్రాన్లు నిజంగా ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా ఉండి ఉంటే ఈ దారి అసలు తెరుచుకోదు. జారినది కాంతిని వదలవలసిందే. కాబట్టి స్వయం అయనీకరణ వేగం పరస్పర ప్రభావాన్ని నేరుగా కొలిచే గడియారం వంటిది. వర్ణపటాల్లో ఉండవలసిన కొన్ని గీతలు ఎందుకు మాయమవుతాయో ఈ ప్రక్రియతో 1931లోనే వివరించినవాడు ఎత్తోరే మయొరానా. ఆ తర్వాత నాలుగేళ్లకు, రోములో ఫెర్మి దగ్గర ఉన్న యువకుడు ఊగో ఫానో, జడవాయువుల వర్ణపటంలో జర్మన్ శాస్త్రవేత్త బాయిట్లర్ చూసిన వంకర గీతలకు (రెండు పక్కలా ఒకేలా లేని గీతలకు) సిద్ధాంతం రాశాడు. 1961లో దాన్ని విస్తరించి రాసిన పత్రమే ఇవాళ అందరూ ఉదహరించేది.

ఆ వంకరకు కారణం వ్యతికరణం. హీలియం 60 ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటానును మింగి ఒక ఎలక్ట్రానును బయటికి పంపడానికి రెండు దారులున్నాయి: నేరుగా పంపడం, జంట ఉత్తేజిత స్థితిలో కాసేపు నిలిచి ఆపైన పంపడం. రెండింటి గమ్యం ఒకటే కనుక ఏ దారిన వచ్చిందో తెలుసుకునే వీలు లేదు. అందువల్ల రెండు దారుల తరంగాలు కలిసిపోతాయి. గీతకు ఒక పక్క అవి ఒకదాన్నొకటి బలపరుస్తాయి. మరో పక్క, 60.2 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఒకదాన్నొకటి దాదాపు పూర్తిగా చెరిపివేస్తాయి. అక్కడ హీలియం ఆ కాంతికి ఇంచుమించు పారదర్శకం అవుతుంది. ఈ గీత ఆకారం కొన్ని పదుల ఫెమ్టోసెకన్లలో ఎలా రూపు దిద్దుకుంటుందో 2016లో రెండు బృందాలు అతిస్వల్ప కాంతి స్పందనలతో చూపించాయి. అంతకు మూడేళ్ల ముందే హైడెల్బర్గ్ పరిశోధకులు లేజరు స్పందనతో ఆ వంకర గీతను సౌష్టవమైన గీతగా మార్చి చూపారు. చదివినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

జంట ఉత్తేజిత స్థితులన్నీ ఇలా తొందరపడి విడిపోవు. పుస్తకాల్లో 2పి2 అని రాసే (రెండు ఎలక్ట్రాన్లూ 2పిలో ఉన్న) ట్రిప్లెట్ పి స్థితి, అంటే స్పిన్‌లు ఒకే దిశలో ఉన్నది, 59.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉండి కూడా స్వయం అయనీకరణం చెందలేదు. జంట మొత్తం కోణీయ ద్రవ్యవేగం 1, పారిటీ (స్థానాలన్నిటినీ కేంద్రకానికి అవతలి వైపుకు తిప్పితే తరంగ ప్రమేయం గుర్తు మారుతుందా లేదా అన్నది) సరి. విచ్ఛిన్నంలో ఈ రెండూ మారకూడదు. అదే కోణీయ ద్రవ్యవేగంతో 1ఎస్ ఎలక్ట్రానూ స్వేచ్ఛా ఎలక్ట్రానూ ఏర్పడితే పారిటీ బేసి అవుతుంది. దారి మూసుకుపోవడంతో ఆ పరమాణువు 320 ఆంగ్‌స్ట్రామ్‌ల కాంతిని వదిలి దిగవలసి వస్తుంది. స్పిన్ విషయంలోనూ అంతే. 2ఎస్2పి ట్రిప్లెట్ 58.3 దగ్గర, సింగ్లెట్ 60.15 దగ్గర, ఈ 1.8 ఎలక్ట్రాన్ వోల్టుల తేడా స్పిన్‌ల మధ్య అయస్కాంత బలం వల్ల వచ్చింది కాదు. స్పిన్ సౌష్టవం పౌలీ నియమం ద్వారా స్థానాల సౌష్టవాన్ని నిర్ణయిస్తుంది. ట్రిప్లెట్లో ఎలక్ట్రాన్లు ఒకే చోట ఉండలేవు, అందుకే వికర్షణ తక్కువ.

ఇంతవరకూ వచ్చాక సహజంగా తలెత్తే ప్రశ్న: గళ్ల బొమ్మ కాకపోతే మరే బొమ్మ? 1970లలో హెరిక్, సినానోగ్లు జంట మొత్తానికి వర్తించే కొత్త క్వాంటం సంఖ్యలను ప్రతిపాదించారు. 1980లో కెల్‌మన్, హెరిక్ ఆ స్థాయిలను ఒక సరళరేఖా అణువు భ్రమణ, కంపన స్థాయిలుగా పేర్చి చూపారు. కేంద్రకం మధ్యలో, ఎలక్ట్రాన్లు ఎదురెదురు వైపుల. భుజాన కావడి మోసేవాడికి రెండు కుండలు రెండు చివరల వేలాడినట్టు. ఆ కావడి తిరగగలదు, అటూ ఇటూ వంగగలదు. నాకు ఈ చిత్రం ఇష్టమే గాని, దాన్ని మితిమీరి నమ్మేవారితో ఏకీభవించను. బిగువైన కర్ర అయితే భ్రమణ శక్తులు 0, 2, 6 నిష్పత్తిలో పెరగాలి. అంటే రెండో మెట్టు మొదటి మెట్టుకు మూడు రెట్లు ఎత్తున ఉండాలి. ఆ వరుసలోని మూడు స్థాయిలు 57.84, 58.31, 59.91 ఎలక్ట్రాన్ వోల్టులు. అంతరాలు 0.47, 2.07, నిష్పత్తి 4.4. కర్ర బాగా వంగుతున్నదని దీని అర్థం. అయినా మూడు స్థాయిలనూ ఒకే వరుసలో చూడగలగడమే ఒక లాభం, ఎందుకంటే గళ్ల బొమ్మలో ఈ మూడింటికీ మూడు వేర్వేరు విన్యాసాలు (ఎలక్ట్రాన్లను గళ్లలో నింపిన తీరులు) రాయవలసి వస్తుంది.

ఎదురెదురుగా నిలిచే ఈ ధోరణి ఎలక్ట్రాన్లు రెండూ బయటికి పోయేటప్పుడు కూడా కనిపిస్తుంది. సరిగ్గా సరిపడే శక్తి కంటే ఏ కొంచెమో ఎక్కువ ఉన్నప్పుడు రెండూ తప్పించుకోవాలంటే చివరిదాకా ఎదురు దిశల్లో, సమాన దూరాల్లో ఉండాలి. ఏది కాస్త వెనకబడ్డా కేంద్రకం దాన్ని పట్టేసుకుంటుంది. గ్రెగరీ వానియర్ 1953లో దీన్నుంచే, ఎలక్ట్రాన్ తాడనంతో జరిగే అయనీకరణం అదనపు శక్తికి 1.127 ఘాతంలో పెరుగుతుందని లెక్కగట్టాడు. 1974లో మాంచెస్టర్‌లో హీలియం మీద చేసిన కొలతలు దానితో ఏకీభవించాయి. పూర్ణాంకం కాని ఆ ఘాతం రెండు ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావం వేసిన ముద్ర.

నా వాదానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది; దాన్ని దాటవేయను. ఆర్బిటాళ్ల విన్యాసాలను వందలు వేలుగా కలుపుకుంటూ పోతే ఏ స్థితినైనా కోరినంత కచ్చితంగా లెక్కించవచ్చు, కాబట్టి గళ్ల బొమ్మలో తప్పేమీ లేదు, దానికి పదాలు మాత్రమే చాలలేదు అని కొందరంటారు. లెక్క విషయంలో వారు చెప్పేది నిజం. అయితే వేల విన్యాసాలు కలిస్తే గాని ఏర్పడని స్థితికి వాటిలో ఒకదాని పేరు పెట్టి, అదే దాని స్వభావమని విద్యార్థికి చెప్పడం ఏ రకంగా సమర్థనీయం? పైగా జంటను జంటగా చూసిన చోట ఎంత తక్కువ పదాలతో పని జరుగుతుందో 1929లోనే తెలిసింది. హిల్లెరాస్ ఎలక్ట్రాన్ల మధ్య దూరాన్నే తరంగ ప్రమేయంలో నేరుగా ఒక చలరాశిగా పెట్టి, గుప్పెడు పదాలతో హీలియం భూస్థాయి శక్తిని ప్రయోగ విలువకు అతి చేరువగా తెచ్చాడు. అంతకు ముందు, 1920ల మొదట్లో, బోర్ కక్ష్యలతో హీలియంను లెక్కించబోయి క్రామర్స్, వాన్ వ్లెక్ విఫలమయ్యారు. మూడు వస్తువుల చలనం చాలామటుకు అస్తవ్యస్తమన్న సంగతి అర్థమయ్యాక, 1991లో ఎజ్రా, రిక్టర్, టానర్, విన్ట్‌గెన్ అదే పాత పద్ధతిని సంస్కరించి, కేంద్రకానికి చెరోవైపున ఒకే సరళరేఖ మీద ఊగే ఎలక్ట్రాన్ల ఆవర్తన కక్ష్యల నుంచి జంట ఉత్తేజిత స్థాయిలను రాబట్టారు. అక్కడ కూడా కక్ష్య జంటదే.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన విడ్డూరం అనుకునేవారికి సూర్యుడి కరోనా సమాధానం చెబుతుంది. స్వయం అయనీకరణాన్ని తిరగేస్తే, బయటినుంచి వచ్చిన ఎలక్ట్రాన్ అయానులోని మరో ఎలక్ట్రానును ఉత్తేజపరిచి తాను చిక్కుకుంటుంది. ఆ జంట కాంతిని వదిలితే చిక్కినది చిక్కినట్టే ఉండిపోతుంది. కరోనాలోని అయానుల నిష్పత్తుల నుంచి లెక్కించిన ఉష్ణోగ్రత, గీతల వెడల్పుల నుంచి లెక్కించిన ఉష్ణోగ్రత కంటే చాలా తక్కువగా వచ్చి ఖగోళ శాస్త్రవేత్తలను కొన్నేళ్లు వేధించింది. ఈ జంట మార్గం ద్వారా జరిగే పునస్సంయోగాన్ని కలుపుకుంటే ఆ వైరుధ్యం తొలగిపోతుందని 1964లో అలన్ బర్జెస్ చూపించాడు.

డిగ్రీ మూడో ఏడాదిలో దీనికోసం కొత్త అధ్యాయం అక్కర్లేదు. రెండు తరగతులు చాలు. హీలియం అయాను శక్తి స్థాయిల సూత్రం విద్యార్థులకు ముందే తెలుసు. మొదటి తరగతిలో 79.0, 60.15 అనే రెండు అంకెలిచ్చి వికర్షణ వాటానూ, పక్క కర్పరానికి ఉన్న ఎడాన్నీ వాళ్లచేతే లెక్క వేయించి, ఒకటో కర్పరాన్నీ తొమ్మిదో కర్పరాన్నీ పోల్చమనాలి. రెండో తరగతిలో మ్యాడెన్, కోడ్లింగ్‌ల వర్ణపటాన్ని గోడమీద చూపించి, గళ్ల బొమ్మ ప్రకారం ఎన్ని వరుసలు రావాలో ముందే రాయించి, ఆ తర్వాత కనబడుతున్నవి లెక్కపెట్టమనాలి.